విప్పి కుట్టాల్సిన పాట

దర్జీ పెద్దాయన నోట్లోంచి మాట రావాలంటే ముందు నోట్లో ఉన్న గుండుసూదులు బయటికి రావాలి. నలభై ఏళ్ళుగా పని చేసేటప్పుడు పెదాల మధ్య నాలుగైదు సూదులు పట్టుకుని ఉంటాడు. వాటివల్ల మాటలు తగ్గాయో, మాటలు తక్కువ కనక సూదులు అక్కడ చేరాయో ఎవరికీ తెలియదు. పక్క షాపులో గడియారాలు బాగుచేసే ఆయన మాత్రం, "మా బావకి నోరిచ్చింది సూదులు పెట్టుకోడానికే" అంటాడు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. గోడ ఒకటే కావడంతో వరస కలిసింది.

పెద్దాయనకి ఒక్కడే కొడుకు. ప్రింటింగ్ ప్రెస్సులో పని. పొద్దున వెళితే సాయంత్రం వస్తాడు. కోడలు షాపులోనే కూర్చుంటుంది. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వెయ్యడం ఆమె వంతు. చేతులకి పని ఉంటుంది గానీ చెవులకి ఉండదు కదా. ఆ ఖాళీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరూ వినని పాటలు వెతుక్కుంటుంది.

పెద్ద కంపెనీల పాటలు కావవి. వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టి పాడుకున్నవాళ్ళు, మేడమెట్ల మీద కూర్చుని గిటారు వాయించినవాళ్ళు, గొడౌనులో కాపలా కాస్తూ వరస కట్టినవాళ్ళు. ఇంటర్నెట్‌లో పెట్టేసి, నలుగురైనా వింటారేమో అని కళ్ళు కాయలు కాసేలా చూస్తుంటారు. కోడలికి ఒక నియమం ఉంది. వంద మంది కూడా వినని పాటే తనకి కావాలి. అలాంటిది దొరికితే ముందు ఆ మనిషికి రాసి అడుగుతుంది. సరేనంటే వాళ్ళ గురించి నాలుగు ముక్కలు రాసి, ఒక బొమ్మ తయారుచేసి, గురువారం గురువారం తన పేజీలో పెడుతుంది. పేజీ పేరు "వినని పాట". పెట్టి ఊరుకోదు. తెలిసిన రేడియోవాళ్ళకి, పాటల జాబితాలు కట్టేవాళ్ళకి పంపి, "ఒక్కసారి వినండి, నచ్చకపోతే నన్ను తిట్టండి" అని వెంటపడుతుంది. సొంత చెల్లెలికి కాలేజీలో సీటు కోసం తిరిగినట్టు తిరుగుతుంది.

పెద్దాయన ఈ సంగతి పట్టించుకునేవాడు కాడు. ఒకరోజు దారాలు కత్తిరిస్తూ, దారమే అనుకుని కోడలి ఇయర్‌ఫోన్ వైరు కత్తిరించేశాడు.

కోడలు తెగిన వైరు వంక చూసింది. ఆయన కత్తెర వంక చూశాడు.

"పరవాలేదు మామయ్యా" అంది.

ఆ రోజునుంచి పాటలు బయటికే వినబడసాగాయి. మూడోరోజున ఎవరో కుర్రాడి పాట వస్తోంది. మొదట్లో వాయిద్యం వాయించాడు, వాయించాడు, ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. పెద్దాయన సూదులు తీసి, "చేతులు పొడుగైపోయాయి" అన్నాడు.

"ఎవరివి మామయ్యా? ఆ బ్యాంకు ఆయన చొక్కావా?"

"పాటవి."

కోడలు పడీపడీ నవ్వింది. ఆ వారం పేజీలో పాట కింద "మా మామయ్య కొలత: చేతులు పొడుగైపోయాయి" అని రాసింది. జనం ఆ మాటకి చెవి కోసుకున్నారు. పాడిన కుర్రాడైతే ముందు వాయిద్యం సగానికి తగ్గించి మళ్ళీ పంపాడు. అక్కణ్ణించి ప్రతి వారం పాట కింద మామయ్య కొలత ఉండాల్సిందే. ఒకదానికి "చంక దగ్గర పట్టేసింది" అన్నాడు. ఒకదానికి "అస్తరు లేదు" అన్నాడు. ఒక ముసలావిడ పాటకి "కాలరు నిలబడింది" అన్నాడు. ఆవిడ దాన్ని కాగితం మీద రాయించి గోడకి అంటించుకుందట. పేజీ చూసేవాళ్ళు పన్నెండు వేలయ్యారు. పెద్దాయన మాటలు మాత్రం వారానికి ఒకటి దాటలేదు.

మైకమ్మ పాట వచ్చింది ఆ రోజుల్లోనే.

మైకమ్మ అంటే బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో మైకులో చెప్పే అమ్మాయి. అక్కడి డ్రైవర్లు పెట్టిన పేరది. తను కూడా ఆ పేరుతోనే పాట పెట్టుకుంది. ముప్ఫై ఒక్క మంది విన్నారు. కోడలు ముప్ఫై రెండో మనిషి. వినగానే కాజా తీస్తున్న చొక్కా ఒళ్ళోంచి జారిపోయింది.

*అన్ని ఊళ్ళ పేర్లూ నా నోట ఉన్నాయి*
*ఏ ఊళ్ళోనూ నా చెప్పుల జాడ లేదు*

వాయిద్యం లేదు. వెనక ఎక్కడో ఇంజను గురగుర. గొంతు మాత్రం, పెట్టె అడుగున దాచిన పట్టుగుడ్డ మడత విప్పినట్టుంది.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు పెద్దాయన. అంతకుముందు ఏ పాటకీ అలా అడగలేదు. రెండోసారి విన్నాడు. మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఆపాడు. తర్వాత, "విప్పి కుట్టాలి" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

కోడలికి కాస్త చివుక్కుమంది. తనకి అంత నచ్చిన పాట. కానీ మామయ్య మాటని మార్చి రాస్తే ఆ మాటకి విలువేముంది? ఉన్నదున్నట్టు రాసింది. "మా మామయ్య కొలత: విప్పి కుట్టాలి."

గురువారం పొద్దున పెట్టింది. మధ్యాహ్నానికి "అంత బాలేదా?" అని అడిగారు. సాయంత్రానికి "కుట్టడమెందుకు, గుడ్డే పారేయమనండి" అని వెటకారం మొదలైంది. ఆ తర్వాత కొందరు విప్పడం అన్న మాట పట్టుకున్నారు. ఆడపిల్ల, పైగా "విప్పాలి" అన్నారు. ఇంకేం కావాలి వాళ్ళకి. ఇంట్లో అక్కాచెల్లెళ్ళు లేనట్టు రాశారు. కోడలు ఒకటి తీసేస్తే నాలుగు పుట్టుకొచ్చాయి.

శనివారం పొద్దున చూసేసరికి పాట లేదు. మైకమ్మ ఖాతా కూడా లేదు. కోడలికి ఒక్క ఉత్తరం మాత్రం ఉంది.

"అక్కా, మీ పేజీలోంచి నా పేరు కూడా తీసేయండి. నాకు పాట రాదని అర్థమయింది. ఇక పాడను. బస్సుల పేర్లు చెప్పుకుంటాను."

కోడలు గుండీల డబ్బా ముందు కూర్చుని చప్పుడు కాకుండా ఏడ్చింది. పెద్దాయన మిషను ఆపాడు.

"ఏమైందమ్మా?"

చెప్పింది. కొన్ని చదివి వినిపించింది, కొన్ని దాటేసింది. దాటేస్తోందని ఆయనకి తెలిసింది. ఆయన చదువు మూడో తరగతితో ఆగింది. అక్షరాలు కూడబలుక్కోవాలి. అందుకని ఫోను పట్టుకుని పక్క షాపుకి వెళ్ళాడు.

"చదువు" అన్నాడు.

గడియారాల ఆయన కంటికి బిగించుకున్న భూతద్దం తీసి, చదవడం మొదలుపెట్టి, మూడో దగ్గర ఆగిపోయాడు. "ఇవి నా నోటితో చదవలేను బావా."

పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది. ఎదురుగా గోడ మీద గడియారాలు తలా ఒక టైము చూపిస్తున్నాయి.

"ఇంతకీ ఏమన్నావు నువ్వు?" అన్నాడు గడియారాల ఆయన.

"విప్పి కుట్టాలన్నాను."

ఆయన చప్పున తలెత్తాడు. "నువ్వా? ఆ మాటా? ఎన్నేళ్ళయింది నీ నోట అది విని." కోడలు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, నీ పెళ్ళిలో మీ ఆయన వేసుకున్న కోటు ఎన్నిసార్లు విప్పి కుట్టాడో తెలుసా మీ మామయ్య? మూడుసార్లు. నేను కుట్టించుకున్నది చూడు. భుజం జారిందయ్యా అంటే 'కానీలే' అన్నాడు. నాసిరకం గుడ్డకి కానీలే. బంగారంలాంటి గుడ్డకే విప్పి కుట్టడం."

కోడలు గుమ్మం పట్టుకుంది. "మరి ఆ ముక్క చెప్పాలి కదా మామయ్యా. నేను బాలేదనుకున్నాను."

పెద్దాయన ఫోను కోడలి చేతికిచ్చాడు. చెప్పలేదు, అంతే.

సోమవారం పొద్దున ఎప్పుడూ లేనిది షాపు తియ్యలేదు. కోడలికి కూడా చెప్పకుండా బస్సెక్కి బస్టాండుకి వెళ్ళాడు. దిగగానే మనిషికంటే ముందు గొంతు ఎదురొచ్చింది.

"రేవుకి వెళ్ళే బస్సు ఆరో నంబరు దగ్గర సిద్ధంగా ఉంది. ప్రయాణికులు గమనించగలరు."

అదే గొంతు. కానీ ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టుంది. ఆయన ఒక బెంచీ మీద కూర్చుని పది బస్సుల పేర్లు విన్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. పదకొండో బస్సు తర్వాత లేచాడు.

ప్రకటనల గది టిక్కెట్ల కిటికీ పక్కన ఉంది. ఒక బల్ల, ఒక మైకు, ఒక గోడగడియారం, మూతకి సొట్టపడిన మంచినీళ్ళ సీసా. పాతికేళ్ళుండవు ఆ అమ్మాయికి. తలుపు దగ్గర నీడ పడితే తలెత్తకుండానే అడిగింది.

"ఏ బస్సు తాతయ్యా?"

"బస్సు కాదమ్మా."

"సామాను పోయిందా?"

"లేదు."

అప్పుడు చూసింది. ఆయన మెడలో కొలత టేపు వేలాడుతోంది. ఇంటి దగ్గర తియ్యడం మర్చిపోయాడు. ఆమె మొహం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"మీరు ఆ మామయ్య గారా?"

ఆయన తలాడించాడు. ఆమె మైకు మీట నొక్కి, కొండవైపు వెళ్ళే బస్సు మూడో నంబరు దగ్గర ఉందని తడబడకుండా చెప్పి, మీట వదిలేసింది.

"మీరన్నది తప్పని నేననలేదు" అంది. "ఆ రెండో ముక్క సరిగ్గా రాలేదని నాకే తెలుసు. మిగతావాళ్ళ మాటలకే… మా డ్రైవర్లు కూడా చూశారు. ఇక్కడికొచ్చి నవ్వుకున్నారు. మళ్ళీ ఆ జోలికి పోను. మీరు ఇంత దూరం రావాల్సింది కాదు."

పెద్దాయన నిలబడే ఉన్నాడు. తన చొక్కా అంచు తిరగేసి, లోపలి కుట్టు ఆమెకి చూపించాడు.

"ఇది చూడు. ఇక్కడ విప్పి కుట్టాను. తెలుస్తోందా?"

ఆమె వంగి చూసింది. "తెలియడం లేదు."

"మంచి గుడ్డ. నాసిరకమైతే విప్పిన చోట సూది బెజ్జాలు ఉండిపోతాయి. చిరుగుతుంది. అందుకని దాన్ని ఎవడూ విప్పడు. ఎట్లా ఉంటే అట్లా ఇచ్చేస్తాం." అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చినట్టయి ఆగాడు. "నీది విప్పొచ్చు అన్నాను. ఆ సంగతి చెప్పకుండా ఊరుకున్నాను."

ఆమె కుర్చీలోంచి లేచి దాన్ని ఆయన వైపు జరిపింది. తను బల్ల అంచున ఆనుకుంది.

"ఎక్కడ విప్పాలి?" అంది.

"జాడ లేదు అన్నావే, అక్కడ. ఆ 'లేదు'ని పీక నొక్కేశావు. అంచుకి గుడ్డ వదలకుండా కోసేసినట్టు."

ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు ఆపుకుంటూ నవ్వితే వచ్చే నవ్వు. "ఆ 'లేదు' దగ్గర పదీ నలభై బస్సు వచ్చేసింది తాతయ్యా. ఒక బస్సుకీ ఇంకో బస్సుకీ మధ్య నాకు ఏడు నిమిషాలు. నేనుండేది నలుగురు ఆడపిల్లల గది. అక్కడ పాడితే తిడతారు. అందుకని ఇక్కడే పాడాను. గడియారం చూసుకుంటూ పాడాను."

"ఏడు నిమిషాల్లో గుండీ కూడా కుట్టను నేను."

మళ్ళీ బస్సొచ్చింది. ఆమె మీట నొక్కింది, చెప్పింది, వదిలింది.

"ఆదివారం మా షాపుకి రా. మిషను ఆపేస్తాను" అన్నాడాయన.

ఆమె సీసా మూత అటూ ఇటూ తిప్పింది. "రావాలనే ఉంది. కానీ జనం మనసులో నా పేరు పక్కన ఆ మాట అలాగే ఉంది. అందరూ చూశారు. ఇప్పుడు మీరు నా ఒక్కదానికి చెప్పారు. నేను ఎంతమందికని చెప్పుకోను?"

ఆయనకి ఆ మాట సూటిగా తగిలింది. సగం కుట్టు వేసి వదిలేసిన పని తనది. "చెబుతాను" అన్నాడు. "అందరికీ చెబుతాను. విని, అప్పుడు రా. రాకపోయినా నేనేమీ అనుకోను."

ఇంటికొచ్చి కోడలితో, "నా మాట పట్టు" అన్నాడు. ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మామయ్య ఫోనులో మాట్లాడతాడట, పన్నెండు వేల మంది ముందు. సంగతి తెలిసి గడియారాల ఆయన షాపు వదిలేసి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేను చూడాల్సిందే. నీ పెళ్ళిచూపుల్లో కూడా నోరు విప్పలేదు నువ్వు."

"బాబాయ్, మీరు నవ్వితే రికార్డవుతుంది" అంది కోడలు.

"నవ్వను. నాలుక కరుచుకుని కూర్చుంటాను."

మొదటిసారి పెద్దాయన "నేను" అని ఆగిపోయాడు. రెండోసారి "నేను దర్జీని" దాకా వెళ్ళాడు. మూడోసారి దగ్గొచ్చింది. అయిదోసారి ఎవరో ప్యాంటు కోసం వచ్చారు. ఏడోసారి చక్కగా మొత్తం చెప్పాడు గానీ కోడలు మీట నొక్కడం మర్చిపోయింది. "అయ్యో మామయ్యా" అని తల పట్టుకుంది. గడియారాల ఆయన అన్న మాట మరిచి ఘొల్లుమన్నాడు. పదకొండోసారికి అయింది.

"నేను దర్జీని. బస్టాండు అమ్మాయి పాటని విప్పి కుట్టాలి అన్నాను. మా పనిలో అది చాలా పెద్ద మాట. మేలైన గుడ్డనే విప్పుతాం. పనికిరాని దాని జోలికి పోము. ఆ సంగతి చెప్పకుండా సగం మాట చెప్పి ఊరుకున్నాను. తప్పు నాది. ఆ సగం మాటకి కొందరు బురద పూశారు. నా కోడలు వాళ్ళు రాసింది తీసేసింది. మీ బట్టలు కుట్టే మనిషిని అడగండి, ఇది తిట్టో మెచ్చుకోలో చెబుతాడు. ఆ అమ్మాయి పాట నేను రెండుసార్లు విన్నాను. ఇంకా వినాలని ఉంది. అంతే."

కోడలు దాన్ని ఉన్నదున్నట్టు పెట్టింది. గురువారం దాకా ఆగలేదు.

బురద పూసినవాళ్ళు సిగ్గుపడ్డారని చెప్పలేం. అలాంటివాళ్ళు ఇంకో చోటికి పోతారు, అంతే. కానీ ఎక్కడెక్కడి దర్జీలూ దిగారు. "పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం" అని ఒకరు. "మా నాన్న నా చేత ఒక కాలరు ఆరుసార్లు విప్పించాడు, అప్పుడు ఏడ్చాను" అని ఒకావిడ. "నేను ఇన్నేళ్ళూ కానీలే అంటూ కుట్టి బతికినవాణ్ణి, విప్పి కుట్టే గుడ్డ ఇంకా రాలేదు" అని ఇంకొకరు. కోడలు అవన్నీ పైకి చదువుతుంటే పెద్దాయన తలొంచుకుని కుట్టుకుంటూ పోయాడు. మైకమ్మ దగ్గర్నుంచి మాత్రం ఏమీ రాలేదు. శనివారం దాకా రాలేదు.

ఆదివారం పదింటికి వచ్చింది.

గుమ్మం బయట చెప్పులు వదిలి, సంచీ గుండెకి అదుముకుని, "అక్కా" అని పిలిచింది. కోడలు ఎప్పటినుంచో తెలిసినదానిలా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. పెద్దాయన మిషను ఆపి, ఇస్త్రీబల్ల మీది బట్టలన్నీ తీసి పక్కన పెట్టాడు. కోడలు బల్ల మీద ఫోను నిలబెట్టింది. గుడ్డల తానులు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. వాటివల్ల గదిలో గొంతు మోగకుండా మెత్తగా వినబడుతుందని ఆమె ముందే చూసుకుంది. గోడకవతల ఉన్నాయన ఆదివారమైనా ఏదో పని ఉన్నట్టు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

పాడింది. "ఏ ఊళ్ళోనూ నా చెప్పుల జాడ" దాకా వచ్చి, "లేదు"ని మళ్ళీ మింగేసింది.

"అలవాటైపోయింది" అంది నేల చూస్తూ.

రెండోసారీ అంతే. కోడలు ఏదో ధైర్యం చెప్పబోయింది. పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన ఆ అమ్మాయి కళ్ళనే చూస్తున్నాడు. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి కళ్ళు కుడివైపు పైకి వెళుతున్నాయి. అటు చూశాడు. షాపు గోడగడియారం.

"బావా" అన్నాడు. "దాన్ని తీసుకుపో."

"బాగానే నడుస్తోందిగా. మొన్నే నూనె వేశాను."

"నడుస్తోంది. అదే గొడవ."

గడియారాల ఆయన ఒకసారి ఆ అమ్మాయిని చూసి, ఇంకేమీ అడగకుండా స్టూలెక్కి గడియారం దించాడు. చంకలో పెట్టుకుని తన షాపులో వదిలి వచ్చాడు. గోడ మీద గుండ్రటి తెల్లని మచ్చ మిగిలింది.

మూడోసారి కళ్ళు మళ్ళీ అటు వెళ్ళాయి. అక్కడ చూడ్డానికేమీ లేదు. ఆమె కళ్ళు మూసుకుంది. "లేదు" దగ్గరికి వచ్చి, ఊపిరి పీల్చి, దాన్ని వదిలింది. ఆ మాట నెమ్మదిగా సాగి, ఎక్కడో వంగి, ఒక మనిషి దుమ్ముదారిలో నడిచి కనుమరుగైనంతసేపు ఉంది. అప్పుడు గానీ ఆగలేదు.

గుమ్మంలో ఒకాయన చొక్కా తీసుకోడానికి వచ్చి, చీటీ ముందుకి చాపి, అలాగే నిలబడిపోయాడు. ఎవరూ ఆయనని కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు.

కోడలు ఫోను ఆపి, చూసుకుని, "పట్టుకుంది" అంది మెల్లగా. పెద్దాయన ఏమంటాడా అని అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ముక్కు చీది, కళ్ళజోడు తుడుచుకున్నాడు. మైకమ్మ సంచీలోంచి చుట్టచుట్టిన నోటుబుక్కు ఒకటి తీసి, పేజీలు తిప్పింది.

"ఇంకోటి ఉందక్కా" అంది. "ఏడు నిమిషాలకి పట్టదని ఎప్పుడూ పాడలేదు. ఎవరూ వినలేదు."

"ఒక్కరు కూడానా?" అంది కోడలు, కళ్ళు మెరుస్తుంటే.

"ఒక్కరు కూడా."

కోడలు మళ్ళీ మీట నొక్కింది. చీటీ పట్టుకున్నాయన గుమ్మంలోనే చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడు.